మెంగ్ అన్న మాటే మా మాట

ఆ అమ్మాయి పేరు నామ్ సురిన్. మూతబడిన మా బొగ్గుగనిలో పనిచేసినవాళ్ళ మాటలతో పుస్తకం వేస్తారని, వాటిని రాసుకోవడానికి సియోల్ నుంచి రెండు రోజుల పనిమీద వచ్చింది. మేమంతా టీచరమ్మా అని పిలిచాం.

ఆమె రాకముందే ఓక్ గిబాంగ్ భార్య మా గుమ్మంలో కూర్చుంది. గనిలో మంట లేచి ఏడుగురు పోయినప్పుడు గిబాంగ్ కూడా పోయాడు. నలభై నాలుగేళ్ళయింది. లోపల సిగరెట్ వెలిగించింది అతనేనని కాగితాల్లో రాశారు.

"పిల్సూ మరిదీ, నువ్వు చూసిందే చెప్పు. ఇంక అడిగేవాళ్ళు రారు," అంది.

నేను చూసింది ఇంతే. ఆ పొద్దున గని వాకిట్లో జేబులు తడిమే వంతు నాది. గిబాంగ్ దగ్గర సిగరెట్ లేదు, అగ్గిపెట్టె లేదు. అందరం లోపలికి దిగాక దీపం మంట నీలంగా సాగుతోందని, గ్యాసు చేరిందని అతను మేస్త్రీ మెంగ్ ఛాంగ్‌హోతో అన్నాడు. "ఇవాళ్టి బళ్ళు నిండాలి, నడు," అన్నాడు మెంగ్. తర్వాత పొగలోంచి నన్ను భుజాన మోసుకొచ్చింది కూడా మెంగే.

ఇప్పుడు మా ముసలాళ్ళ సంఘానికి ఆయనే పెద్ద.

"ఒక్కొక్కరి ఇంటికీ వెళ్ళి విడిగా అడుగుదామనుకున్నా," అంది టీచరమ్మ. "విడిగా అయితే మనసులోది చెప్తారు. అందరూ కలిస్తే ఒకరి మాటతో ఇంకొకరికి గుర్తొస్తుంది. ఏది మంచిదో తేల్చుకోలేకపోతున్నాను."

"ఈ గుట్టలెక్కితే మీ కాళ్ళు పడిపోతాయి," అన్నాడు మెంగ్. "మా ఎనిమిదిమందికీ కలిపి మిగిలింది ఒక్క ఊపిరితిత్తే. ఒక్కచోటే అడగండి."

అందరూ నవ్వారు, దగ్గారు. రెండు రోజులే కదా, ఆమె సరేనంది.

సంఘం గదిలో, అడుగునుంచి మంటపెట్టి వెచ్చచేసిన నేల మీద వయసు వరసన కూర్చున్నాం. పెద్దవాడు మాట్లాడాకే మిగతావాళ్ళు నోరు తెరవాలి.

"గిబాంగ్ మంచివాడే," అన్నాడు మెంగ్. "సిగరెట్ ఒక్కటే మానలేకపోయాడు పాపం."

"అన్నగారు చెప్పిందే."

"నాదీ అదే మాట."

నా వంతు వచ్చింది. గొంతు సవరించుకున్నాను.

"పిల్సూ నోరు తెరవాలంటే డైనమైట్ కావాలి టీచరమ్మా!" అన్నారెవరో.

"అన్నగారు చెప్పిందే," అన్నాను.

ఆమె నా మొహం కాసేపు చూసింది. తెలివిగల పిల్లే. కానీ లేచేటప్పుడు, పెద్దాయన అనుమతి అడగడం మర్యాద అనుకుని, అందరి ముందూ మెంగ్‌నే అడిగేసింది. "రేపు పిల్సూ తాతగారితో విడిగా మాట్లాడొచ్చా అండీ?"

"దానికేం, భేషుగ్గా!" అన్నాడాయన.

మర్నాడు నేను పొద్దున్నే లేచి, చెప్పాల్సిన మాటలు గోడకేసి చెప్పుకున్నాను. పది మాటలు కూడా లేవు. తలుపు తీస్తే టీచరమ్మ, ఆమె వెనకాలే మెంగ్, చేతిలో కాల్చిన చిలగడదుంపలు.

"ఊరికి కొత్తపిల్లని ఒంటరిగా ఎలా పంపుతాంరా? నువ్వు చెప్పు, నేను లేననుకో," అంటూ గోడకి జారగిలబడ్డాడు.

ఎనభై ఆరేళ్ళవాణ్ణి బయటికి వెళ్ళమని ఆ పిల్ల ఎలా అంటుంది? నేను మాత్రం ఎలా అంటాను? ఆమె మెల్లగా అడిగింది. "తాతగారూ, ఆరోజు జేబులు చూసింది మీరేనని గని కాగితాల్లో ఉంది, నిజమేనా?"

మెంగ్ దుంప తొక్క తీస్తున్నాడు. తల ఎత్తలేదు.

"అంతా నిన్ననే చెప్పాం టీచరమ్మా," అన్నాను.

ఆమె పుస్తకం మూసి, వంగి దండం పెట్టి, మధ్యాహ్నం బస్సుకి వెళ్ళిపోయింది.

బస్సు పోగానే గిబాంగ్ భార్య వచ్చింది.

"చెప్పావా మరిదీ?"

"ఆఁ."

"రాసుకుందా?"

"రాసుకుంది."

నడుము వంగినంతా వంగి నాకు దండం పెట్టింది. "నాకు అక్షరం రాదు. పుస్తకం వచ్చాక ఆయన గురించి ఉన్నది చదివి వినిపించు," అంది.

వినిపిస్తానన్నాను.