ఎదురుగా ఒక కుర్చీ

"నువ్వు టీవీ చూసేదెప్పుడు, దాని సంగతి నీకు తెలిసేదెప్పుడు? కొనే పని నాకొదిలెయ్ షైజా" అన్నాడు మా ఆయన ప్రేమరాజన్, నేను కొబ్బరి కోరుతుండగా. కోరుతున్న కొబ్బరి ఆయనగారు పొద్దున తినే బియ్యప్పిండి పుట్టులోకే. నా ఓణం బోనస్ ముందు రోజే చేతికొచ్చింది. కర్కటక మాసం వానల్లో పడిన పిడుగుకి మా పాత డబ్బా టీవీ పొగలు కక్కి పోయింది. పండక్కి కొత్తది కొనాలనీ, గోడకి తగిలించే పల్చటిదై ఉండాలనీ, బోనస్ దాటకూడదనీ ఇంట్లో అందరం అనుకున్నాం. ఆ డబ్బు ఎవరిదన్న మాట మాత్రం ఎవరి నోటా రాలేదు. "మాకు బోనస్ వచ్చింది" అని మా అత్తగారు పక్కింటావిడతో ప్రహరీ మీంచి చెబుతుంటే విని నవ్వుకున్నాను.

ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు. అదే మండింది నాకు. మా ముందుగదిలో సోఫా ఆయనది, దివాన్ అత్తగారిది, కిటికీ పక్క కుర్చీ మా అమ్మాయిది. అది మంగళూరులో నర్సింగ్ చదువుతున్నా ఆ కుర్చీ దానిదే, దాని మీద ఉతికిన బట్టలు కూర్చుంటాయి. నాది వంటింటి గుమ్మం. సాయంత్రం బట్టల కొట్టు నుంచి వచ్చి, బ్యాగు మేకుకి తగిలించి, అన్నం పొయ్యి మీద పడేసి, గుమ్మానికి ఒక భుజం ఆనించి మెడ పక్కకి తిప్పితే టీవీ ఏటవాలుగా కనబడేది, అదీ సగం. కూర మాడుతుందని లోపలికి పరుగెత్తితే ఆ సగం కూడా లేదు. మిక్సీ వేసినప్పుడల్లా సీరియల్లో అసలు మాట అప్పుడే వచ్చి పోయేది. "ఏమందమ్మా?" అని అరిస్తే, "అంది ఏదోలే, ముందు నువ్వు పచ్చడి రుబ్బు" అనేది అత్తగారు. ఇన్నేళ్లూ నేను టీవీ చూశానని అనుకున్నాను గానీ, విన్నానంతే.

ఆ సంగతి నాకు తెలిసింది కొట్లో. పోయిన ఏడు ఇదే రోజుల్లో ఒకావిడ బంగారు జరీ అంచు కసవు చీరలు చూడటానికొచ్చింది. కొట్లో నాతో పనిచేసే పిల్లలంతా ఒకళ్లనొకళ్లు గిల్లుకుంటున్నారు. నాకేం అర్థం కాలేదు. అందరికీ అడిగినట్టే "ఎంతలో చూపించమంటారు?" అని అడిగాను. "అంచు సన్నగా ఉన్నది కావాలి చేచీ" అంది ఆవిడ, సొంత అక్కని పిలిచినట్టు. చేతిలో చీర జారిపోయింది. ఆ గొంతు! మూడేళ్లుగా మా ఇంటి టీవీలో అత్త చేత తిట్లు తింటున్న సీరియల్ కోడలి గొంతు. మొహం చూస్తే పోల్చుకోలేదు నేను, గొంతు విని పోల్చుకున్నాను. మా వాళ్లు పగలబడి నవ్వారు, నేనూ నవ్వాను. బస్సెక్కాక మాత్రం నవ్వు రాలేదు. మూడేళ్లు ఆవిడ కోసం కన్నీళ్లు పెట్టుకున్న మనిషిని, ఆవిడ మొహమే నాకు తెలియదు.

"టీవీ కొనడానికి నేనూ వస్తాను ఏట్టా" అన్నాను పుట్టు పళ్లెంలో పెడుతూ. ఆయన్ని నేను ఏట్టా అనే పిలుస్తాను. "నేనే చూసి కొంటాను." ఆయన పేపరు దించి నా వంక చూసి, "సరే రా, ఎవరొద్దన్నారు" అన్నాడు.

కొట్టుకి మధ్యాహ్నం నుంచి వస్తానని చెప్పి, పొద్దున్నే వెళ్లాం. కోజికోడ్ నగరమంతా ఓణం బేరాల మీదే ఉంది. షోరూములో జుమైలా అనే ఆవిడ మా దగ్గరకొచ్చింది. నాకంటే నాలుగైదేళ్లు చిన్నదేమో. "ఎక్కడ కూర్చుని చూస్తారు మీరు? టీవీకీ కుర్చీకీ ఎంత దూరం ఉంటుంది?" అని అడిగింది. మా ఆయన తన సోఫా నుంచి గోడ దాకా ఎంతుంటుందో టకటకా చెప్పేశాడు. "మరి మీరు చేచీ?" అంది నాతో. అందరూ సులువుగా చెప్పే ఆ మాటకి నేను రిమోట్ చేతిలో తిప్పుతూ నిలబడ్డాను.

మా ఆయన అప్పటికే గోడంత పెద్ద టీవీ ముందు ఆగిపోయాడు. ఎప్పుడూ పేరు వినని కంపెనీది. జలపాతాలు, రామచిలకలు. "మన డబ్బులకి ఇంత పెద్దది! చూడు షైజా!" నేను జుమైలాతో, "ఆ చిలకల్ని ఆపి మామూలు చానెల్ పెట్టమ్మా" అన్నాను. చీర రంగు మా కొట్టు దీపాల కింద ఒకలా, వీధి గుమ్మంలో ఒకలా ఉంటుందని నాకు తెలియదూ! ఆవిడ నవ్వి వార్తలు పెట్టింది. నేను నాకు తెలియకుండానే నడుచుకుంటూ పక్కనున్న ఫ్రిజ్‌ల వరసలోకి వెళ్లి, ఒక ఫ్రిజ్‌కి భుజం ఆనించి, మెడ తిప్పి చూశాను. వార్తలు చదివే పిల్ల మొహం బూడిద పూసినట్టుంది.

"అక్కడ నుంచుంటే ఎలా చేచీ, ఎదురుగా రండి" అంది జుమైలా.

"నేను చూసేది ఇలాగేనమ్మా."

ఆవిడకి వెంటనే అర్థమైపోయింది. ఎందుకర్థం కాదు, ఆవిడకీ ఒక వంటిల్లుంటుంది. మమ్మల్ని మంచి కంపెనీ టీవీలు రెండింటి దగ్గరికి తీసుకెళ్లింది. రెండూ ఒకే సైజు. మొదటిది ఎటు నుంచి చూసినా రంగు చెదరదు, కాకపోతే మా బోనస్ దాటుతుంది. రెండోది బోనస్‌లో కొంత మిగులుస్తుంది, బొమ్మ బ్రహ్మాండం, కానీ ఎదురుగా కూర్చుంటేనే. పక్కకి జరిగితే వెలిసిపోతుంది. మా ఆయన ఒకసారి ఫ్రిజ్‌ల వైపు, ఒకసారి నా వైపు చూశాడు. ఏదో తట్టింది ఆయనకి. గొంతు మెత్తబడింది.

"మొదటిదే తీసుకుందాం. పైన పడేది నేను వేస్తా. నువ్వు వంట చేసుకుంటూ గుమ్మంలోంచే హాయిగా చూసుకోవచ్చు."

ప్రేమగానే అన్నాడు, అది కాదనను. "ఎంత అదృష్టం చేచీ మీది!" అంది జుమైలా. నేను దాదాపు సరే అనేశాను. అప్పుడు ఆవిడ ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదకి బరువు మార్చుకోవడం చూశాను. ఆ కదలిక నాకు బాగా తెలుసు. ఆవిడ వెనక ఒక స్టూలుంది, దాని నిండా రిమోట్ల పెట్టెలు.

"ఆ స్టూలు నీ కోసం వేసింది కదా, పెట్టెలెందుకు పెట్టావు?"

"కొనేవాళ్లు ఎదురుగా ఉంటే ఎలా కూర్చుంటాను చేచీ?"

నాకు ఒళ్లు మండింది. ఆ స్టూలు కోసం కొట్లలో పనిచేసే ఆడవాళ్లం మేం ఎండలో బైఠాయించాం. అంతకుముందు కొట్లో రోజంతా నిలబడాలి, గోడకి ఆనుకున్నా జీతంలో కోత. కాళ్లలో నరాలు ఉబ్బి తాళ్లలా తేలేవి. "కూర్చోడానికి కూడా సమ్మేనా?" అని మా ఆయన, "మేమెప్పుడైనా కూర్చున్నామా?" అని అత్తగారు వెక్కిరించారు. చివరికి కొట్లో పనిచేసేవాళ్లకి కూర్చునే హక్కుందని చట్టం వచ్చింది. కౌంటరు వెనక స్టూలు వేసిన రోజు, మా కొట్లో అందరికంటే ముందు కూర్చున్నది నేను. యజమాని చూస్తుండగా కూర్చున్నాను. ఆ రోజు నాకు కలిగిన గర్వం పెళ్లినాడు కూడా కలగలేదు.

పెట్టెలు నేనే తీసి కింద పెట్టాను. "కూర్చోమ్మా. కూర్చుని చెప్పినా వింటాం మేము" అన్నాను. జుమైలా సిగ్గుపడుతూ కూర్చుంది. ఆ మాట నా చెవిన నాకే గట్టిగా పడింది. ముక్కూ మొహం తెలియని ఆడవాళ్లకి స్టూలు తెచ్చిన దాన్ని, నా ఇంట్లో నేను నుంచోడానికి వీలైన టీవీ ఏరుకుంటున్నాను. అదీ అదనంగా డబ్బు పోసి!

"రెండోది ఇవ్వు జుమైలా."

"అది పక్కనుంచి కనబడదే నీకు!" అన్నాడు మా ఆయన కంగారుగా.

"పక్కన నుంచుని చూడను ఏట్టా. ఎదురుగా కూర్చుంటాను."

మిగిలిన డబ్బుతో ఆ వీధిలోనే చేతులున్న పేము కుర్చీ కొన్నాను. ఆటో వెనక కట్టించి, తల ఎత్తుకుని కూర్చున్నాను. ఇంట్లో అత్తగారు దాని చుట్టూ తిరిగి చూసి, "ఎవరికిది?" అంది. "నాకు" అన్నాను. "నట్టనడుమ వేశావేం?" అంది. "అక్కణ్ణించే బాగా కనబడుతుందమ్మా" అన్నాను. తన కాళ్లకి అడ్డమవుతుందని ఆవిడ దివాన్ కాస్త వెనక్కి జరిపించుకుంది.

అసలు పండగ రోజు, తిరువోణం నాడు అరిటాకుల్లో భోజనాలయ్యాయి. టీవీలో కొత్త సినిమా వేసే వేళయింది. ప్రతి ఏడూ ఆ వేళకి నేను వెడల్పాటి ఇత్తడి ఉరుళి అడుగున అంటిన పాయసం గీకుతూ ఉంటాను. ఈసారి చేతులు కడుక్కుని, చీర కొంగుకి తుడుచుకుని, వచ్చి నా కుర్చీలో కూర్చున్నాను. కాళ్లు చాపుకున్నాను. హీరోయిన్ కంటి కింద చిన్న పుట్టుమచ్చ కూడా కనబడుతోంది.

మా ఆయన కాసేపు సోఫాలో అటూ ఇటూ కదిలాడు. వంటింటి వైపు చూశాడు, నన్ను చూశాడు, లేచి లోపలికి వెళ్లాడు. గిన్నెల చప్పుడు మొదలైంది. కొంతసేపటికి చేతిలో ఉరుళితో వంటింటి గుమ్మంలోకొచ్చి, భుజం ఆనించి, మెడ తిప్పి నిలబడ్డాడు.

"ఏమందే ఆ పిల్ల?"

నేను తెర మీంచి చూపు తిప్పలేదు.

"అక్కణ్ణించి సరిగ్గా కనబడదు ఏట్టా. పనయ్యాక వచ్చి కూర్చోండి."