చివరి గడి

దీర్ఘం చెయ్యి పడితే గాడిదకైనా గుమాస్తా ఉద్యోగం రావలసిందే. జిరాక్సు షాపు మూల బల్ల దగ్గర కూర్చుని అతను రెండువేల మందికి బయోడేటాలు కొట్టిపెట్టాడు, రెండువేల మందినీ కుర్చీల్లో కూర్చోబెట్టాడు. మనిషి నిట్టాడంత పొడుగు. ఎవరి రాతలో దీర్ఘం ఎగిరిపోయినా ముందు అతని కంటికే తగులుతుంది. పైగా ఏ మాట చెప్పినా "ఆఁ... ఏం లేండీ..." అని సాగదీస్తాడు. అందుకే ఆ పేరు. కోపం వస్తే భార్య కూడా అలాగే పిలుస్తుంది.

అతని బల్ల దగ్గర బయోడేటాతోపాటు చీవాట్లు ఉచితం.

"నల్లకళ్ళద్దాల ఫోటో ఏంటయ్యా? వెళ్ళేది ఉద్యోగానికా, కంటి ఆపరేషన్‌కా?"

"నాలుగు పేజీలా! చదివేవాడికి ఇల్లూవాకిలీ లేదనుకున్నావా?"

"హాబీ నిద్రా? నిజమే అనుకో, రాసుకుంటారా ఎక్కడైనా!"

అన్నిటికన్నా పెద్ద తప్పు చివరి గడిలో ఉంటుందని అతని సిద్ధాంతం. 'మీ గురించి చెప్పగలవారు' అని ఉంటుందే, ఆ గడి. "అందులో చుట్టాన్ని వేశావో, చచ్చావే. కాకిపిల్ల కాకికి ముద్దు. ఎవడు నమ్ముతాడు?" అనేవాడు.

ఇంతటివాడికీ ఒక కడుపునొప్పి ఉంది. దాని పేరు తోడల్లుడు.

చిన్నల్లుడు పుస్తకాల షాపులో కౌంటరు చూస్తాడు. నోట్లో నాలుక ఉన్నవాడు. అతను వస్తే మామగారు, ఒకప్పటి డ్రిల్లు మాస్టారు, తనే లేచి వెళ్ళి గేటు తీస్తారు. దీర్ఘం వస్తే "ఆఁ" అని పేపరు తిప్పుతారు. ఆ ఇంటి టేబులు ఫ్యాను కూడా తిరిగి తిరిగి చిన్నల్లుడి ముందే ఓ క్షణం ఎక్కువ ఆగుతుందని దీర్ఘం అనుమానం. ఒకసారి గడియారం పెట్టుకుని చూశాడు కూడా.

అలాంటి రోజుల్లో పెద్ద ప్రెస్సులో ప్రూఫు విభాగం చూసుకునే మనిషి కావాలని ప్రకటన పడింది. ఆ కుర్చీ మీద దీర్ఘం కన్ను ఎనిమిదేళ్ళుగా ఉంది. మర్నాడే చిన్నల్లుడు షాపులోకి వచ్చి స్టూలు లాక్కున్నాడు.

"అన్నయ్యా, ఆ ప్రెస్సు వాళ్ళకి నాకూ ఒకటి కొట్టిపెట్టవా? ఇంట్లో చెప్పకు. వస్తే అప్పుడు చెబుదాం."

దీర్ఘం కుర్చీ అతనివైపు తిప్పాడు. "నీకెందుకయ్యా ఈ ప్రూఫుల గోల?"

"పుస్తకాల మధ్యే పడి ఉన్నాగా. ఆ చివరి గడి ఉంది చూడు, అందులో మామగారిని వేసెయ్. నేనంటే ఆయనకి ప్రాణం."

ఆ చివరి మాట లేకపోతే దీర్ఘం ఎలా ఉండేవాడో. వేళ్ళు మీటల మీద ఆగాయి. వద్దని ఒక్క ముక్క చెబితే సరిపోయేది. 'ప్రాణమట, ప్రాణం!' అనుకున్నాడు. మామగారి పేరు, ఫోను నంబరు ఒక్క అంకె పొల్లుపోకుండా కొట్టి చేతిలో పెట్టాడు.

ఆ సాయంత్రం తన బయోడేటా తయారుచేసుకున్నాడు. ఒకే పేజీ. వెతికినా తప్పు దొరకదు. చివరి గడిలో పద్ధతి ప్రకారం తన షాపు యజమాని పేరు.

ఇక్కడ ఓ మాట చెప్పాలి. రెండువేల మంది అన్నాను చూశారూ, అందులో మూడు సున్నాలు నేను పెట్టినవి. రెండు మాత్రం దీర్ఘానివే. ఆ ఇద్దరిలో ఒకడికి మేనమామే మేనేజరు.

పదిరోజులకి, ఆదివారం మధ్యాహ్నం అందరూ మామగారింట్లో ఉండగా చిన్నల్లుడు స్వీటు పెట్టెతో దిగాడు. "ప్రెస్సులో ఉద్యోగం వచ్చింది మామగారూ! అంతా మీ చలవే."

మామగారు పేపరు దించారు. "నీకా? నేను పెద్దాడి గురించి కదయ్యా చెప్పింది!"

మామగారు పేపరు మడిచి పక్కన పెట్టారు.

"మేనేజరు ఫోను చేశాడు. మీ అల్లుడు ప్రూఫుల పనికి దరఖాస్తు పెట్టాడు, ఎలాంటివాడండీ అన్నాడు. ప్రూఫులంటే ఇంకెవడు? పెద్దాడే అనుకున్నా. మా గేటుకి నా పేరు బోర్డుండేది, పదమూడేళ్ళు దాని పక్కనుంచే అందరం తిరిగాం. మా పెద్దమ్మాయిని చూసుకోడానికి వచ్చిననాడు ఈయన గేటు దగ్గరే ఆగిపోయి, మీ పేరులో దీర్ఘం పోయిందండీ అన్నాడు. పిల్లనింకా చూడనేలేదు! ఆ కన్ను ఎవడికుంటుందయ్యా, కళ్ళుమూసుకుని తీసుకో అని చెప్పా."

అత్తగారు నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. ఆ బోర్డు సంగతి మనసులో పెట్టుకునే మామగారు ముఖం చాటేస్తున్నారని దీర్ఘం ఇన్నేళ్ళూ నమ్మాడు.

"మరి అన్నయ్య దరఖాస్తు..." చిన్నల్లుడు నసిగాడు. "ఇంకొకాయన కూడా పెట్టాడని మేనేజరు అన్నాడు. ఆయన యజమానిని అడిగితే, పర్లేదండీ, కాస్త నెమ్మది, అన్నాడట. అది నువ్వా?"

షాపు యజమానికి మనిషి చెయ్యిజారిపోతాడని భయం, అంతే.

"రేపే వెళ్ళి నిజం చెప్పేస్తా అన్నయ్యా. ఆ కుర్చీ నీది."

దీర్ఘం తల వంచుకున్నాడు. "చుట్టాన్ని వేస్తే రాదని తెలిసే వేశాను నీకు. రాకూడదనే వేశాను."

చిన్నల్లుడు స్వీటు పెట్టె మీది తాడు విప్పి మళ్ళీ కట్టాడు. "పోనీలే. తెలియక నేను అడిగాను, తెలిసి నువ్వు వేశావు."

అదైనా కోపంగా అన్నాడా అంటే, లేదు. దీర్ఘానికి ఆ మంచితనం మీద కూడా ఒళ్ళు మండింది. "ఉద్యోగం నువ్వే చేసుకో. ఆ మాటలు మాత్రం నావి. నీ గురించి అన్నారని ఎక్కడా చెప్పుకోకు, ఊరుకోను!"

తర్వాత మామగారి కుర్చీ దగ్గరికి తన కుర్చీ జరుపుకున్నాడు. జీవితంలో మొదటిసారి అతనికి తన మీద తనకే అసూయ పుట్టింది. ఫోనులో మామగారు పొగిడిన ఆ పెద్దల్లుడెవరో, ఎంత అదృష్టవంతుడో!

"ఆ కన్ను ఎవడికుంటుందన్నారు... మళ్ళీ చెప్పండి మామగారూ."

మామగారు చెప్పారు. ఇంకోసారి అడిగితే ఇంకోసారి చెప్పారు. మూడోసారి అడిగితే మూడోసారీ చెప్పారు.

మిగతాదంతా జరిగిందే. ఈ మూడుసార్లలో మాత్రం మామగారు చెప్పింది ఒక్కసారే, అదీ విసుక్కుంటూ. తక్కిన రెండూ నేను కలిపినవి. ఆ మొహం చూస్తూ ఒక్కసారితో ఆపేయడానికి నాకు చేతులు రాలేదు.