కొండలరావు మోసిన కడుపు

1994 ఎండాకాలం. దుర్గ్ దగ్గర రిసాలి వెనక గుడిసెల్లో ఉండే సీత వెలుగు రాకముందే లేచి, కుళాయి దగ్గర బిందెలు నింపి, ముందుగా ఉక్కు ప్లాంటు గేటుకి వెళ్లేది. నైట్ షిఫ్టు దిగిన మొగుడు కొండలరావు బయటికి రాగానే అతని పొట్ట మీద చెయ్యి వేసేది. ఇద్దరూ కాసేపు అలా నిలబడేవారు. లోపల పిల్లలు కదిలేవారు. తర్వాత అతను ఇంటికి, ఆమె కాంట్రాక్టరు గురుమూర్తి బంగళాలో పనికి.

సీతకి రెండుసార్లు కడుపు నిలవలేదు. మూడోసారి ఆ కడుపుని కొండలరావు తన ఒంట్లోకి తీసుకున్నాడు. వాడలో ఎవరూ వింతపడలేదు. పక్కింటి పైడమ్మ చింతకాయ పచ్చడి పంపింది. సీమంతానికి అతని చేతికి పట్టే గాజులు దొరక్క పవర్ హౌస్ బజారంతా తిరిగారు. నర్సమ్మ పొట్టకి చెవి ఆనించి, "ఇద్దరున్నారు భయ్యా, బరువులెత్తకు" అంది.

గురుమూర్తి కింద అతని పని, బొగ్గు కాల్చే కోక్ ఓవెన్ల తలుపులకి పట్టిన తారు గీకడం. ఆ సెగకి గాజులు కాలి మణికట్టు బొబ్బలెక్కేది.

"తీసెయ్యరా బాబూ, ఎవడు చూస్తాడు?" అనేవారు తోటివాళ్లు.

"పురుడవకుండా తీస్తే పిల్లలకి అరిష్టం" అని గాజుల మీద గోనెగుడ్డ చుట్టుకునేవాడు.

గురుమూర్తి హాల్లో పెద్ద గాజుతొట్టె ఉంది. దానికి సముద్రపు నీళ్లు విశాఖ నుంచి డబ్బాల్లో రైలెక్కి దుర్గ్‌లో దిగేవి. పగడపు రాళ్ల మధ్య పెన్సిలంత పొడవున రెండు పైపు చేపలు. ఒళ్లంతా ఎముక కట్లు, గొట్టంలాంటి మూతి, వలలాంటి ఎర్రటి గీతలు. వాటికి ఏసీ. నలకంత రొయ్యపిల్లల్ని పొదిగించి, బతికుండగానే వాటికి పెట్టడానికి ఒక మనిషి.

"పొట్ట కింద గుడ్లున్నది మగది" అని గురుమూర్తి వచ్చినవాళ్లందరికీ చెప్పేవాడు. "ఆడది గుడ్లు అప్పగిస్తుంది, మగది మోస్తుంది. దానికి పళ్లు లేవు, తిండి దాచుకునే సంచీ లేదు, పొద్దస్తమానం తింటూనే ఉండాలి. రోజూ పొద్దున్న ఆడది వచ్చి పలకరించాలి. కాసేపు పక్కపక్కనే తిరుగుతాయి, అంతే. అది లేకపోతే జత తెగిపోతుంది, గుడ్లు మగదాని ఒంట్లోనే ఇంకిపోతాయి." ఆ తర్వాత గొంతు తగ్గించేవాడు. "లైటు వెయ్యకు సీతా, ఉలిక్కిపడుతుంది."

అంత తెలిసిన మనిషి, మే నెలలో పని వెనకబడిందని నైట్ షిఫ్టువాళ్లని మధ్యాహ్నందాకా ఆపమని, కూలీల లెక్క చూసే మున్షీకి చెప్పాడు. సీత గేటు దగ్గర నిలబడి నిలబడి తిరిగి వచ్చేది. లోపలికి వెళ్లడానికి ఆమెకి పాసు లేదు. వారం తిరిగేసరికి కొండలరావు మొహం పీక్కుపోయింది.

"కుడిపక్క కదలడం నేదే" అన్నాడు. "తిన్నది నాకే సరిపోతన్నాది."

సీత వెళ్లి అడిగింది.

"బాబూ, పొద్దున్న ఒక్కపాలి మా ఆయన్ని గేటు బయటికి రానివ్వండి."

"ఒకడికి ఇస్తే అందరూ అడుగుతారు."

"అందరికీ కడుపుల్లేవు కదా బాబూ."

గురుమూర్తి నవ్వాడు. "కడుపు తెచ్చుకోమని నేను చెప్పానా? చేతకాకపోతే మానెయ్యమను. గేటు బయట వందమంది ఉన్నారు."

"మరి ఈ చేపని మానెయ్యమనరేటి? ఇదేటి పని సేత్తంది?"

"అది నోరులేని జీవం."

"మా ఆయనకి నోరుండీ ఏటి లాభం?"

మర్నాడు సీత గేటుకి వెళ్లలేదు. చీకటి ఉండగానే బంగళా వెనక తలుపు తీసి, తొట్టె కడిగేటప్పుడు వాడే అడ్డుపలక తెచ్చి, రెండు చేపల మధ్య దించింది. దాని మీద చెయ్యి పెట్టి నిలబడింది. గురుమూర్తి కాఫీ గ్లాసుతో వచ్చేసరికి ఆడచేప పలకకి మూతి ఆనించి పైకీ కిందకీ తిరుగుతోంది. అవతల మగది రాయి పక్కన కదలకుండా ఉంది.

"ఎవరు పెట్టారిది?"

"నానే."

"తియ్యి."

"ఒకదానికి ఇస్తే అన్నీ అడుగుతాయి బాబూ."

"పిచ్చెక్కిందా నీకు? గుడ్లు పోతాయి."

"పోతాయని తెలుసు కదా మీకు. తెలిసే మా ఆయన్ని ఆపేరు కదా."

అతను ఆమె చెయ్యి లాగబోయాడు. పలక ఊగింది. మగచేప బెదిరి రాయికి కొట్టుకుంది. గురుమూర్తి చెయ్యి తీసేశాడు. కిటికీలో ఎండ పడింది. ఆడచేప ఇంకా పలకని పొడుస్తూనే ఉంది. అది చూడలేక అతను ఫోన్ దగ్గరికి వెళ్లాడు.

"ఆ కొండలరావుని ఇప్పుడే బయటికి పంపు. ఇకమీదట నైట్ వాళ్లెవర్నీ ఆపకు" అని మున్షీకి చెప్పాడు.

"పంపేక నాకు చెప్పమనండి" అంది సీత. మున్షీ నుంచి ఫోన్ వచ్చాకే పలక తీసింది. చేపలు ఏం చేశాయో చూడకుండా ఆటో ఎక్కింది.

కొండలరావు గేటు గోడకి ఆనుకుని ఉన్నాడు. ఆమె చెయ్యి వేస్తే ఎడమవైపు మాత్రమే కదిలింది. చాలాసేపు నిలబడ్డారు. లోపలికెళ్లే పగటి షిఫ్టువాళ్లు వాళ్లకి దారి వదిలి పక్కనుంచి నడిచారు.

ఆ మర్నాటి నుంచి సీతని బంగళాకి రానివ్వలేదు. మగచేప గుడ్లు పిల్లలయ్యాయి. గురుమూర్తి ఇంట్లో స్వీట్లు పంచారు.

శ్రావణంలో కొండలరావుకి నొప్పులొచ్చాయి. ఆడపిల్ల పుట్టింది, గట్టిగా ఏడ్చింది. నర్సమ్మ రెండో బిడ్డ కోసం చాలాసేపు చూసింది. లేదు. తండ్రి ఒంట్లోనే ఇంకిపోయింది.