ముగ్గురికే చోటున్న గది

రేష్మాకు మౌస్ పట్టుకోవడం నేర్పింది నేను. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. తర్వాత చెప్పబోయేది విన్నాక, నేనూ ఒకరికి మంచి చేశానంటే మీరు నమ్మరు.

రెండువేల మూడులో నంద్యాల సంజీవనగర్‌లో నాకు చిన్న డీటీపీ సెంటరు ఉండేది. పెళ్ళి పత్రికలు, కరపత్రాలు, కాలేజీ పిల్లల ప్రాజెక్టు రిపోర్టులు. రేష్మా ఆళ్ళగడ్డ నుంచి రోజూ బస్సులో వచ్చి ఆరు నెలలు నా దగ్గర పని నేర్చుకుంది. వాళ్ళ నాయన నబీ రసూల్ పరుపులు కుట్టేవాడు. పని వచ్చాక ఆ పిల్ల ఆళ్ళగడ్డ నాలుగు రోడ్ల దగ్గర ఒక నెట్ సెంటర్లో ఉద్యోగానికి కుదిరింది. మొదటి జీతంతో నాకు చీర తెచ్చింది. అప్పటికి నాకు ఆ పిల్లంటే ప్రాణం.

మరుసటి ఏడు నేను, జయరాజు కలిసి ఒక బృందం పెట్టాం. జయరాజుది నంద్యాలే, బెంగుళూరులో ఉద్యోగం. ఎవరి సొత్తూ కాని, ఎవరైనా ఊరికే వాడుకోదగ్గ ఒక సాఫ్ట్‌వేర్‌ను తెలుగులోకి మార్చడం మా పని. తెర మీద కనిపించే ప్రతి మాటకూ తెలుగు మాట వెతకాలి. హైదరాబాదు నుంచి ఒకరు, సున్నిపెంట డ్యామ్ కాలనీ నుంచి ఒకరు, అలా పది పన్నెండు మంది పోగయ్యారు. రేష్మాను నేనే చేర్చాను.

ప్రతి ఆదివారం నాలుగు గంటలకు ఐఆర్‌సీలో కలిసేవాళ్ళం. అది బొమ్మలూ రంగులూ లేని చాట్ గది. అక్షరాలు తప్ప ఏమీ కనపడవు. ఆ గది తెరిచింది నేను కాబట్టి నా పేరు ముందు ఒక చిన్న గుర్తు ఉండేది. ఆ గుర్తున్నవాళ్ళు ఎవరినైనా మాట్లాడనివ్వచ్చు, నోరు మూయించవచ్చు, బయటికి గెంటవచ్చు. మా ఇంట్లో పిల్లి మీద కూడా నాకు అంత అధికారం లేదు. ఆదివారం వస్తే చాలు, ఆ గుర్తు చూసుకుని మురిసిపోయేదాన్ని.

తర్వాత ‘పేస్ట్’ అనే మాట వచ్చింది. రెండు రోజులు నిఘంటువులు తిరగేసి నేను ‘సంశ్లేషించు’ అని పెట్టాను. రేష్మా ‘అతికించు అంటే సరిపోదా అక్కా’ అంది. గది గదంతా లేచి కూర్చుంది. జయరాజైతే, ఈ పిల్లను ఇన్నాళ్ళూ ఎక్కడ దాచావు నాగవేణీ అన్నాడు. దాచడానికి అదేమైనా నగా? నేనూ బాగుందన్నాను. అని, కంప్యూటర్ కట్టేసి, ఆ సాయంత్రం ఎవరిదో పెళ్ళి పత్రికలో పెళ్ళికొడుకు పేరు తప్పు కొట్టాను.

ఆ తర్వాత ప్రతివారం ఇదే వరస. నేను వచ్చి కూర్చున్నా సభ మొదలుపెట్టరు, ‘రేష్మా రాలేదా’ అంటారు. కడుపు మండిపోయేది. దాన్ని కోపమనీ, క్రమశిక్షణ అనీ రకరకాల పేర్లతో పిలుచుకున్నాను. అది అసూయ. నా దగ్గర నేర్చుకున్న పిల్ల నన్ను దాటి పోతుంటే చూడలేకపోయాను.

రెండువేల ఐదు ఆగస్టులో ఒక ఆదివారం రేష్మా గదిలో అడిగింది: “మా సెంటరుకొచ్చేటోళ్ళకందరికీ యాహూ చాటే తెలుసక్కా. మనం ఆడికి పోతే ఇంకా మంది వస్తారేమో?”

అడిగిందంతే. కానీ జయరాజు దాన్ని అందుకున్నాడు. బ్రహ్మాండం, మారిపోదాం, కొత్త చోటును రేష్మానే చూసుకుంటుంది అన్నాడు. మారిపోదామన్న మాటకు కాదు, ఆ చివరి ముక్కకే నా తల తిరిగింది. అంటే నా పేరు ముందు గుర్తు పోయి ఆ పిల్ల పేరు ముందుకు వస్తుంది.

ఆ రాత్రే అందరికీ నాలుగు పేజీల ఉత్తరం పంపాను. స్వేచ్ఛ కోసం పనిచేసేవాళ్ళం ఒక కంపెనీ వసారాలో కూర్చుని మాట్లాడుకుంటామా, రేపు వాళ్ళు తలుపేసుకుంటే మన మాటలన్నీ ఏమవుతాయి అని రాశాను. అందులో తప్పేమీ లేదు, ఇప్పటికీ అదే నమ్ముతాను. కానీ ఆ యాహూ మాట జయరాజు నోట మొదట వచ్చి ఉంటే ఒక పేజీతో సరిపెట్టేదాన్ని.

ఓటు పెడదామన్నారు. వచ్చే ఆదివారం నాలుగు నుంచి ఐదు దాకా, మా గదిలోనే.

శుక్రవారం పొద్దున రేష్మా ఫోన్ చేసింది. “అక్కా, ఈతూరి మేం ఎనిమిది మందిమి వస్తాండాం. మన పనికి తెలుగు మాటలు చెప్పినోళ్ళందరినీ పిల్చినా. సెంటర్లో ఎనిమిది కంప్యూటర్లూ మాయే ఆ గంటసేపు.”

“ఎనిమిది మందా? యాడ కూడగట్టినావు అంతమందిని?” అన్నాను.

“ఆదివారం చూడక్కా, నీకే తెలుస్తాది,” అని నవ్వింది.

ఎవరికి ఓటేస్తారని నేను అడగలేదు. ఆ నవ్వు చాలింది నాకు. ఎనిమిది ఓట్లు పట్టుకుని నన్ను దించడానికి వస్తోందనుకున్నాను.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మేం వాడే ఐఆర్‌సీ సర్వరుకు ఒక కట్టడి ఉంది. ఒక్క కనెక్షన్ నుంచి ముగ్గురినే రానిస్తుంది. నెట్ సెంటర్లో ఎన్ని కంప్యూటర్లున్నా బయటికి పోయే దారి ఒకటే కాబట్టి, నాలుగోవాడు రాగానే ఎవరో అల్లరి చేస్తున్నారని తోసేస్తుంది. అంతకు ముందు ఏడాది నా సెంటర్లో క్లాసు పెట్టినప్పుడు నాకూ ఇదే జరిగింది. సర్వరు నడిపేవాళ్ళకు రెండు వాక్యాల మెయిలు రాస్తే మర్నాటికల్లా మా సెంటరు వరకూ సడలించారు. ఆళ్ళగడ్డ నుంచి ఎప్పుడూ రేష్మా ఒక్కతే వచ్చేది. కాబట్టి ఈ సంగతి ఆ పిల్లకు తెలియదు.

శుక్రవారం సాయంత్రం ఆ మెయిలు రాయడానికి కూర్చున్నాను. చిరునామా కొట్టాను. ‘రానిచ్చేది ముగ్గురినే, వచ్చేది ఎనిమిది మంది’ అని లెక్క వేసుకున్నాను. మెయిలు పంపకుండా మూసేశాను. అంతటితో ఆగానా? ముగ్గురు బయటికి పోయి ఇంకో ముగ్గురు వస్తారేమోనని భయం. శనివారం కొత్త నియమం పంపాను: సరిగ్గా ఐదు గంటలకు గదిలో ఉన్నవాళ్ళ ఓటే లెక్క, ఫోన్లో మెయిల్లో చెప్తే చెల్లదు. పద్ధతిగా ఉందని జయరాజు మెచ్చుకున్నాడు కూడా.

ఆదివారం నాలుగింటికి గదిలో వేరే ఊళ్ళవాళ్ళు పన్నెండు మంది, నేను పదమూడో మనిషిని. ఆళ్ళగడ్డ నుంచి రేష్మా వచ్చింది. వెనకే ఇద్దరు. తర్వాత ఒక పేరు గదిలోకి రావడం, వెంటనే పోవడం. ఇంకో పేరు, అదీ పోయింది. మళ్ళీ మొదటి పేరు. గుమ్మంలో కాలు పెట్టగానే మెడ పట్టి గెంటినట్టుగా ఉంది. జయరాజు ‘ఆళ్ళగడ్డ లైనుకు ఏమైంది’ అన్నాడు. ‘ఏమో’ అని కొట్టాను. లోపల సంతోషంగానే ఉంది.

నాలుగున్నరకు ఓట్లు చెప్పడం మొదలైంది. యాహూకు తొమ్మిది పడ్డాయి. ఐఆర్‌సీకి నాతో కలిపి నాలుగు. ఆళ్ళగడ్డవాళ్ళు ముగ్గురు మిగిలారు. వాళ్ళవీ అటే పోతే పన్నెండు అవుతాయని చూస్తున్నాను. ఓడిపోవడం ఖాయమని అప్పుడే అర్థమైంది. కనీసం అవమానం చిన్నదయిందిలే అనుకున్నాను.

రేష్మా రాసింది: “మేము వారమంతా రెండూ చూసినాం. మా సెంటరు లైనుకు అక్షరాల గదే నిలుస్తాది. నాగవేణక్క రాసిన ఉత్తరం అందరికీ చదివి చెప్పినా. ఐఆర్‌సీ.”

రెండో మనిషి: “ఐఆర్‌సీ. అక్క మాటే.”

మూడో మనిషి: “ఐఆర్‌సీ.”

తొమ్మిదికి ఏడు. బయట ఐదుగురున్నారు. ఆ ఐదుగురూ వస్తే తొమ్మిదికి పన్నెండు. గడియారంలో ఐదుకు పది నిమిషాలుంది. పేర్లు వస్తున్నాయి, పోతున్నాయి. ఒక్క మాట చెబితే జయరాజు ఆగేవాడు. ‘ముగ్గురే పడతారు, ఓటు రేపటికి వాయిదా వేద్దాం’ అంటే చాలు. కానీ అంటే, ‘నీకెట్లా తెలుసు, ముందే ఎందుకు చెప్పలేదు’ అంటారు. పది నిమిషాలు కీబోర్డు మీద వేళ్ళు పెట్టుకుని కూర్చున్నాను. ఐదైంది. జయరాజు ఫలితం ప్రకటించి, కొత్త చోటును చూసుకునేది రేష్మా అని రాశాడు. ఎవరూ కాదనలేదు.

పావుగంటకు ఫోన్ మోగింది.

“అక్కా, ఓడగొట్టినాం కదా నిన్ను,” అంది రేష్మా. “ఎనిమిది మందిమీ నీకేద్దామనే వచ్చినాం. ముగ్గురి మింద ఒక్కర్ని కూడా రానీలేదు. నాలుగో కంప్యూటరు కాడ మాయమ్మ కూచోనుండె. మూడు దినాలు కూచోని నీ పేరు కొట్టేది నేర్చుకున్నాది. ఎన్నితూర్లు కొట్టినా బయటికి తోసేస్తాండె. నేనేదో తప్పు చేసినాననుకోని మాయమ్మ నన్నే తిడుతాంది. ఎందుకట్ల అయ్యిందో నీకేమన్నా తెలుసా అక్కా?”

వాళ్ళమ్మ బీజాన్. సంతకానికి బదులు వేలిముద్ర వేసే మనిషి.

తెలీదు అందామని నోరు తెరిచాను. “తెలుసు,” అని వచ్చింది. “ఒక సెంటరు నుంచి ముగ్గురే పడతారు. మెయిలు పెట్టింటే ఆ కట్టడి తీసేసేటోళ్ళు. శుక్రవారమే నాకు తెలుసు రేష్మా. నువ్వు నాకు ఎదురొస్తాండావనుకోని ఊరుకున్నా. ఐదింటికి గదిలో ఉండాలని పెట్టింది కూడా అందుకే.”

అవతల వెనకాల వాళ్ళమ్మ గొంతు ఏదో అడుగుతోంది. రేష్మా ఫోన్‌కు చెయ్యి అడ్డం పెట్టినట్టుంది, అయినా వినపడింది: “లైను పోయిందమ్మా. అక్కకు కూడా ఏం తెల్దంట.”

మళ్ళీ నాతో మెల్లగా అంది: “జయరాజన్నకు కూడా అట్లే చెప్తాలే అక్కా. నువ్వేం చెప్పాకు.”

ఫోన్ పెట్టేసింది.

ఆ పిల్ల స్థానంలో నేనుంటే సాయంత్రానికల్లా ఊరంతటికీ చెప్పేదాన్ని. ఆ సంగతి నాకు బాగా తెలుసు. పని నేర్పాను కానీ, మోసం చేసినదాన్ని కాచే ఆ మాట అనగలగడం నేను నేర్పింది కాదు, నాకు రాదు కూడా. సిగ్గుతో చచ్చిపోతూ కూర్చున్నాను. ఆ సిగ్గులో కూడా, ఆ పిల్లను చూసి నాకు కుళ్ళే పుట్టింది.