రాతిలో చెక్కిన నీడ

1978 మే 11, గురువారం, మధ్యాహ్నం పన్నెండు గంటలకు ఆళ్లగడ్డలో విగ్రహాల కార్ఖానా గోడ మీద సలోమి బొగ్గుతో ఒక జపాను అక్షరం రాసింది. అంతవరకూ అది రోజూలాంటి రోజే. ఆడవాళ్లు పొద్దున్నుంచి విగ్రహాలకు సానబట్టారు. పైకప్పు లేని ఆ చోట ఎండకు రాయి కాలి చేయి పెట్టలేనప్పుడు పని ఆపి, మూడింటిదాకా ఇళ్లకు పోయి నడుం వాల్చేవాళ్లు.

"ఏందే ఆ గీతలు?" అంది పక్కన కూర్చునే కమలాక్షమ్మ.

"నంద్యాల ఆసుపత్రిలో జపాను నర్సమ్మ నేర్పిచ్చిందక్కా. ఈ పక్క మనిషి, ఆ పక్క చెట్టు. మనిషి చెట్టుకు ఆనుకున్యాడు. విశ్రాంతి అని. వాళ్ల దేశంలో పని ఆపితే అంగడి తలుపుకు ఇదే తగిలిస్తారంట."

సలోమికి రెండు కాన్పులు నిలవలేదు. ఇప్పుడు ఐదో నెల. రోజూ మధ్యాహ్నం పడుకోకపోతే ఈ బిడ్డా దక్కదని ఆ నర్సమ్మే చెప్పి పంపింది.

ఆఖరి గీత పడగానే అక్షరంలోని చెట్టు నీడ కార్ఖానా అంతా పరుచుకుంది. కమలాక్షమ్మ సద్దిగిన్నెను నీడలోకి జరుపుకుంది. యజమాని వీరభద్రయ్య వచ్చి రాయిని తడిమాడు. చల్లగా ఉంది.

"ఇంగ ఇండ్లకు పోయేది దేనికి? నీడనే గదా చేసేది," అన్నాడు.

"కూలి పెంచుతావా అప్పా?"

"నీడకు నేను బాడుగ అడగల్యా గదా కమలాక్షమ్మా."

దాన్ని తుడిచేద్దామని సలోమి తడిగుడ్డ వెతికేలోపే, ఆ అక్షరాన్ని నల్లరాతిలో చెక్కమని వీరభద్రయ్య అక్కడే ఉలిపని చేసే ఆమె మొగుడు కరుణాకర్‌కే చెప్పాడు.

"అంత లోతుగా చెక్కినావేంది?" అని సలోమి ఇంట్లో అడిగింది.

"పైపైన చెక్కితే నీడ పల్చబడుతుందన్యాడు. నన్నేం చేయమంటావ్?"

ఆ రోజు నుంచి మధ్యాహ్నాలు లేవు. "నీ సదువు మా నిద్ర తినె గదే," అని కమలాక్షమ్మ మొహం తిప్పుకుంది.

జూన్‌లో ఒక మధ్యాహ్నం, ఆ చల్లటి నీడలోనే నంది మూపుకు సానబడుతూ సలోమి కడుపు పట్టుకుంది. సాయంత్రానికి బిడ్డ పోయింది.

మరునాడు పొద్దున్నే కరుణాకర్ చిన్న గుంత తవ్వి, పూడ్చి వచ్చాడు. ఇంట్లో మోకరించారు. అత్త కృపమ్మ ప్రార్థన ముగించింది. లేచి తలకు గుడ్డ చుట్టుకుంది.

"యాడికత్తా?"

"నీ చోటు ఖాళీగుంటే ఇంకొకరిని పెట్టుకుంటాడు. ఇప్పుడన్నా పండుకోమ్మా."

సద్ది కట్టుకుని కొడుకు వెంట పోయి, కోడలి చోట్లో కూర్చుని సానరాయి అందుకుంది.