చెవి మేస్త్రి

మూడో చక్రం దగ్గర గొంతుక్కూర్చుని వాల్వుకి గాలి గొట్టం తగిలించేసరికే మేస్త్రికి మోకాళ్ళు మొరాయించాయి. అప్పటికి టైము ఎనిమిదిన్నర. ఇంకా రోజంతా మిగిలే ఉంది. మడ్‌గార్డు పట్టుకుని లేచి, ఎవరూ చూడలేదని రూఢి చేసుకుని, నాలుగో చక్రం దగ్గరికి కాళ్ళీడ్చుకుంటూ వెళ్ళాడు.

కొండదారుల్లో, ఇసుకలో తిరిగే జీపులను బాగుచేసే షెడ్డు అది. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఆయన అక్కడే ఉన్నాడు. ఇన్నేళ్ళలో సాధించిందేమిటని ఎవరైనా అడిగితే (ఎవరూ అడగలేదనుకోండి) చెప్పుకోవడానికి ఆయనకున్నది ఒకటే, చెవి. దారిలో చక్రాలకి గాలి పట్టుకునే కంప్రెసరు జీపుకి బిగించి, గొట్టాల నిండా గాలి పట్టించి, ఇంజను ఆపేవాడు. పొడవాటి స్క్రూడ్రైవరు మొన ఒక్కో అతుకుకీ ఆనించి, చెక్క పిడి చెవికి పెట్టుకుని, గాలి కారుతోందేమోనని కళ్ళు మూసుకుని వినేవాడు. మిగతా షెడ్లలో సబ్బునీళ్ళు పూసి బుడగలొస్తాయేమోనని చూస్తారు. "సబ్బునీళ్ళు చెవుల్లేనివాళ్ళకి" అని కొట్టిపారేసేవాడు ఈయన. చెవి మేస్త్రి అని పేరు పడిపోయింది. ఆయన "ఊఁ" అంటేనే బండి గేటు దాటేది.

ఏడాదిగా ఇంట్లో రేడియో శబ్దం పెరుగుతూ వస్తోంది. "వీధి మొత్తానికీ మనమే వినిపించాలా?" అని భార్య విసుక్కుంటే, రేడియో పాతబడిందని చెప్పాడు. తనకీ అదే చెప్పుకున్నాడు.

పదకొండింటికి కూతురు జీపు తెచ్చింది. కొండమీది ఊళ్ళకి మందులు పంపే ఆఫీసువాళ్ళ జీపు అది. ఆమె ఆరేళ్ళు ఆ ఆఫీసులో కారు నడిపింది, ఫైళ్ళనీ పెద్దసార్లనీ దింపడానికి. కొండదారి ఇమ్మని ఏటేటా అడిగేది, వాళ్ళు ఏటేటా చూద్దామనేవాళ్ళు. పోయిన నెల పాత డ్రైవరు వాగు ఇసుక దాటడానికని చక్రాల్లో గాలి తగ్గించాడు. అవతలి ఒడ్డున మళ్ళీ పట్టిద్దామనుకుంటే కంప్రెసరు కాలిపోయి ఉంది. మెత్తటి చక్రాలతోనే రాళ్ళమీద పాకించుకుంటూ వచ్చేసరికి రెండు టైర్లు చీలిపోయాయి, చల్లగా ఉండాల్సిన మందులు పాడైపోయాయి. తప్పెవరిదో తేల్చమని ఆఫీసువాళ్ళు మేస్త్రినే అడిగారు. అతుకులన్నీ నేను విన్నవే, డ్రైవరే కంప్రెసర్ని ఆపకుండా నడిపి కాల్చేశాడు అన్నాడాయన. కాలిన కంప్రెసరుకి చీటీ కట్టి "డ్రైవరు తప్పు" అని రాశాడు. డ్రైవర్ని ఆఫీసు గేటు కాపలాకి వేశారు. ఆ సీటు కూతురికి వచ్చింది.

"రేపు పొద్దున్నే మొదటి ట్రిప్పు నాన్నా" అంది. ఆమె మొహంలో వెలుగు చూసి మేస్త్రి నడుంనొప్పి కాసేపు మర్చిపోయాడు.

షెడ్డు యజమాని రెండు కంప్రెసర్లు తెచ్చి బల్లమీద పెట్టాడు. "ఈ చిన్నది చూడండి మేస్త్రీ. నూటయాభై పౌన్ల ఒత్తిడి వరకూ కొడుతుంది."

"ఆ చక్రంలో ముప్ఫైకి మించి ఎవరు కొడతారండీ? ఆ అంకె డబ్బామీద అచ్చేసుకోవడానికి. నిమిషానికి ఎంత గాలి తోస్తుంది, ఎంతసేపు ఆగకుండా తోస్తుంది, అది చెప్పండి. ఈ చిన్నది రెండు చక్రాలు పట్టేసరికి వేడెక్కి అలిగి కూర్చుంటుంది. మా పిల్ల అక్కడ దాన్ని బతిమాలుకుంటూ కూర్చోవాలా?"

రెండు మోటార్లున్న పెద్దదే తీసుకున్నాడు. ఇంజను పక్కన వేడి తగులుతుందని వెనక సీటు కింద బిగించాడు. గాలి పీల్చే గొట్టాన్ని వాగునీళ్ళు అందనంత ఎత్తుకి లాగాడు. సొంత పని కదా అని బోల్టు బోల్టుకీ రెండోసారి రెంచి వేశాడు. నాలుగయ్యింది. కంప్రెసరు గాలి ట్యాంకు నిండి మోటారు దానంతటదే ఆగింది. మేస్త్రి స్క్రూడ్రైవరు తీసి ఒక్కో అతుకూ విన్నాడు.

"ఊఁ" అన్నాడు.

"నాన్నా, బుస్సుమంటోంది."

"ఎక్కడ?"

కూతురు మూడో అతుకు మీద వేలు పెట్టింది. ఆయన మళ్ళీ చెవి పెట్టాడు. ఏమీ లేదు. ఆమె వెళ్ళి, పక్క ఫిట్టరు దాచుకున్న గిన్నెలో సబ్బునీళ్ళు తెచ్చి బ్రష్షుతో పూసింది. బుడగ ఉబ్బింది, పగిలింది, ఇంకోటి ఉబ్బింది.

మేస్త్రి అతుకు విప్పి, టేపు చుట్టి బిగించాడు. బుడగ ఆగింది. కానీ ఆయన లేవలేదు. తర్వాత బల్లకిందికి వంగి, కాలిపోయిన పాత కంప్రెసర్ని దాని గొట్టాలతో సహా లాగాడు. ఆ గొట్టాలకి షెడ్డు గాలి గొట్టం తగిలించి, తన చేత్తో తానే సబ్బునీళ్ళు పూశాడు. ముప్ఫై ఒక్క ఏళ్ళలో అదే మొదటిసారి. రెండో అతుకు దగ్గర నురగ పొంగింది.

"ఆ డ్రైవరు దీన్ని నడపలేదు తల్లీ. గాలి కారిపోతుంటే ట్యాంకు నింపడానికి అదే ఆగకుండా నడిచింది. ఇంజను చప్పుడులో అతనికేం తెలుస్తుంది? నాకు తెలియాలి."

కూతురు జీపు వైపు చూసింది. "ఆయన్ని మళ్ళీ ఎక్కిస్తే నేను దిగాలి నాన్నా."

"తెలుసమ్మా."

"ఆరేళ్ళు."

"తెలుసు."

ఆయన చేతులు తుడుచుకుని జేబులు తడుముకున్నాడు. చొక్కా జేబు, ప్యాంటు జేబు, మళ్ళీ చొక్కా జేబు. పెన్ను లేదు. సిగ్గుతో ఎవర్నైనా అడగాలని కూడా తోచలేదు. కూతురి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ట్రిప్పు వివరాలు రాసుకోవడానికని కొత్తగా కొనుక్కున్న పెన్ను తీసి, మూత విప్పి ఆయన చేతికిచ్చింది.

యజమాని అప్పటికే ఇంటికి వెళ్ళిపోయాడు. మేస్త్రి తన బీరువా తాళంచెవి ఫిట్టరు చేతిలో పెట్టాడు. "బల్లమీద పెట్టింది పొద్దున్నే ఆయనకి చూపించు. రేపట్నుంచి నేను రానని కూడా చెప్పు."

"ఏమైంది మేస్త్రీ?"

"ఏం కాలేదు. వినపడటం లేదు."

ఆ మాట బయటికి అనడం అదే మొదలు. స్క్రూడ్రైవరు మేకుకి తగిలించి వెళ్ళి జీపెక్కాడు. కూతురు చెంపలు తుడుచుకుని, రోజూకన్నా కాస్త గట్టిగా, ఒక్కో మాటా విడదీసి అంది. "తలుపు... సరిగ్గా... పడలేదు నాన్నా." ఆయన మళ్ళీ వేసుకున్నాడు.

ఫిట్టరు లైట్లు ఆపబోతూ బల్ల దగ్గర ఆగాడు. కాలిన కంప్రెసరు మీద సబ్బునురగ ఇంకా ఆరలేదు. దాని మెడకి కట్టిన చీటీమీద "డ్రైవరు తప్పు" అన్న పాత అక్షరాల్లో మొదటి మాట కొట్టేసి, దానిపైన కొత్త సిరాతో "మేస్త్రి" అని రాసి ఉంది.