జమ్మికొమ్మల లెక్క

భార్య బాలవ్వ బతికుండగా రమ్మని రాయించిన ఉత్తరం రాజలింగం చేతికి ఆమె చచ్చిపోయాక అందింది. తపాలా ఆలస్యం కాలేదు. ఫోర్మన్ భీమరాజు దాన్ని తన ఇనుపపెట్టెలో ఇరవై రెండు రోజులు ఉంచాడు. అప్పుడు చెట్ల లెక్క ఉంది. లెక్కలో ఒక మనిషి తగ్గకూడదు. ఇది నిరుటి మాట. ఇందులో వాదించడానికి ఏమీ లేదు.

ఈ ఏడు, ఎనభై మూడు జూన్‌లో, మళ్లీ లెక్క వచ్చింది.

పొద్దున పదింటికే గడ్డపార చేతికి అంటుకుంటోంది. రాజలింగం అరచేతికి గోనెగుడ్డ చుట్టుకుని ఇసుకలో గుంట తీస్తున్నాడు. వెనక హన్మంతు ఒక్కో గుంటలో ఒక్కో కొమ్మ నిలబెట్టి, కాలితో ఇసుక నొక్కి, మగ్గుతో నీళ్లు పోస్తున్నాడు. ఆ నీళ్లు కొమ్మ బతకడానికి కాదు. ఇసుక తడిగా కనిపించడానికి.

భూమి సర్కారుది, ఒక కంట్రాక్టు కంపెనీ చేతిలో ఉంది. దుబాయ్ ఊరికి రెండు గంటల దూరం. చెట్లు పెంచి, ఇసుక కదలకుండా భూమిని కాపాడితే సర్కారు రాయితీ ఇస్తుంది. భూమికి కిరాయి ఉండదు. ఆ భూమి పేరు మీద ఓడలో వచ్చే పంపులకూ పైపులకూ సుంకం ఉండదు. కంపెనీ పైపులు ఓడ దిగి ఈ ఇసుకలో ఒక వారం పడుకునేవి. తర్వాత లారీ ఎక్కి, కంపెనీ కడుతున్న బిల్డింగులకు పోయేవి. వాటిని దించేదీ ఎక్కించేదీ ఈ పదకొండు మందే.

ఏడాదికోసారి సర్కారు ఇంజనీరు వచ్చి చెట్లు లెక్కపెడతాడు. చెట్లను చూసుకునే మనుషులనూ లెక్కపెడతాడు. పదకొండు మంది ఉండాలని కాగితంలో ఉంది. రెండు లెక్కలూ సరిపోతే మరో ఏడాది రాయితీ. వస్తున్నట్టు ముందే కబురు చేస్తాడు.

చెట్లు మాత్రం లేవు. ఎండిపోయిన వాగు వెంట ముదురు చెట్లున్నాయి. వాటి కొమ్మలు నరికి తెచ్చి గుంటల్లో పాతుతారు. అరబ్బులు ఆ చెట్టును గాఫ్ అంటారు. మొదటిసారి గొడ్డలి ఎత్తినప్పుడే రాజలింగం దాన్ని గుర్తుపట్టాడు. అది జమ్మి. జగిత్యాల పక్క అతని ఊళ్లో దసరా నాడు ఆ ఆకును బంగారమని పెద్దల చేతిలో పెట్టి కాళ్లకు మొక్కుతారు. ఇక్కడ నిలబడి ఉన్న జమ్మిని నరికి, లేని జమ్మిని ఉన్నట్టు చూపించాలి. దానికి నెలకు నాలుగు వందల యాభై దిర్హాములు.

పనివాళ్లు దీనికి పందిరని పేరు పెట్టుకున్నారు. పెండ్లి పందిరి మీద వేసిన కొమ్మల్లాగే ఇవీ నాలుగు రోజులు పచ్చగా ఉంటాయి. ఇంజనీరు పెండ్లికొడుకు.

“పెండ్లికొడుకు ఇయ్యాల గూడ రాడట,” కొమ్మల మోపు దించుతూ అన్నాడు రాజేశ్వర్. “అలిగిండు. చేతి గడియారం పెట్టలేదని.”

ఒకరిద్దరు నవ్వారు.

“దుబాయ్‌ల బంగారం దొర్కుతదని మా అవ్వకు జెప్పచ్చిన. ఇగో, మోపులకు మోపులు! తీస్కపోయి ఊరంత పంచుత.”

హన్మంతు నవ్వలేదు. ఇది మూడో పందిరి. మొదటిది ఎండిపోయింది, ఇంజనీరు రాలేదు. రెండోదీ ఎండిపోయింది. మొదటి పందిరి వేసిన వారంలోనే, శుక్రవారం దుబాయ్‌లో నైఫ్ బజారుకు పోయిన రాజేశ్వర్‌కు ఊరి నుంచి కొత్తగా వచ్చిన మనిషి కనిపించి ఒక కబురు చెప్పాడు. హన్మంతు భార్య కిష్టవ్వకు కామెర్లు ముదిరాయి. కరీంనగర్ ఆసుపత్రిలో వేశారు. మొగుణ్ని చూడాలంటోంది. ఆ కబురు వచ్చి పదహారు రోజులు.

మధ్యాహ్నం భీమరాజు పికప్‌లో వచ్చాడు. హన్మంతు మగ్గు పడేసి పరుగెత్తి తలుపు పట్టుకున్నాడు.

“సార్, మీ కాల్మొక్త. నా పాస్‌పోర్టు ఇప్పియ్యుండ్రి. టికెట్ నేనే కొనుక్కుంట.”

“ఎవరొద్దన్నారయ్యా? లెక్కవనీ. పదకొండు తలకాయలని కాయితంలో ఉంది. నువ్వెళ్లిపోతే పదైపోవూ?”

“ఎల్లుండి ఎల్లుండనుకుంట పదారు రోజులాయె సార్. మనిషి ఉంటదో పోతదో.”

“నా చేతిలో ఏవుందోయ్? పాస్‌పోర్టులు కంపెనీ నడిపే ముదీర్ దగ్గరున్నాయి. ఆయన దేరా ఆఫీసులో ఏసీ కింద కూర్చున్నాడు. నేనూ నీలాంటోణ్ణే. కాకపోతే బండుంది.”

రాజలింగం గడ్డపార ఆపాడు.

“నిరుడు నా ఉత్తరం దాసినప్పుడు గూడ గిట్లనే జెప్పినవ్.”

“పాతవెందుకు తవ్వుతావయ్యా రాజలింగం? గుంటలు తవ్వు,” అని భీమరాజు బండి తిప్పుకున్నాడు.

మర్నాడు పొద్దున ఇంజనీరు వచ్చాడు. సూడాన్ మనిషి, తల నెరిసింది. పక్కన గుమాస్తా ఖాజా. నిజామాబాద్ వాడు, తెలుగు వచ్చు. ఇంజనీరు గొడుగు వేసుకుని వరసల వెంట నడిచాడు. కొమ్మలు పచ్చగానే ఉన్నాయి. పుస్తకంలో గీతలు పెట్టుకున్నాడు. భీమరాజు చల్లటి నీళ్ల సీసా పట్టుకుని వెంట తిరిగాడు.

తర్వాత మనుషులను వరసలో నిలబెట్టారు.

“పందిరి సూడుమను. గుంజలు కదిలియ్యద్దను,” రాజేశ్వర్ పెదవి విప్పకుండా అన్నాడు.

ఖాజా తల తిప్పాడు. “పెండ్లెవరిదిరా?”

ఇంజనీరు వేలితో లెక్కపెట్టాడు. పదకొండు. కలం మూత తీశాడు.

రాజలింగం వరస విడిచి ముందుకు నడిచాడు. దగ్గరి గుంటలోని కొమ్మను రెండు వేళ్లతో పట్టి లాగాడు. అది ఇసుకలోంచి అగరుబత్తిలా ఊడి వచ్చింది. దాన్ని తెచ్చి ఇంజనీరు పుస్తకం మీద పెట్టాడు. కొమ్మ చివర గొడ్డలి వేటు తెల్లగా ఉంది.

“ఖాజా సాబ్, దీని వేరు ఏడున్నదో అడుగుమను.”

“పిచ్చోడండీ!” భీమరాజు అడ్డం వచ్చాడు. “పెళ్లాం పోయింది. అప్పట్నుంచీ ఇంతే.”

“అవు. పెండ్లాం పోయింది,” అన్నాడు రాజలింగం. “ఎట్ల పోయిందో గూడ చెప్త. రాసుకొమ్మను.”

చెప్పాడు. వాగు, గొడ్డలి, మూడు పందిళ్లు, లారీలెక్కి పోయిన పైపులు. తర్వాత ఇనుపపెట్టెలో ఇరవై రెండు రోజులున్న ఉత్తరం. తర్వాత హన్మంతును చూపించి, అతనికి ఏం జరుగుతోందో. గొంతు ఎక్కడా పెంచలేదు. ఖాజా ఒక్కో మాటా అరబ్బీలో చెప్పాడు. ఇంజనీరు బండి మెట్టు మీద కూర్చుని రాసుకున్నాడు. అయ్యాక ఆ కొమ్మను తిప్పి చూశాడు. తర్వాత ఖాజాతో మాట్లాడాడు.

“సాబ్‌కు అనుమానం ముందుగాలనే ఉన్నదట పెద్దాయనా,” అన్నాడు ఖాజా. “రెండేండ్ల సంది కొత్త ఖానూన్ కోసం రాస్తున్నడు. చెప్పకుండ తనిఖీకి రావాలె. మూడు ఎండాకాలాలు బతికిన చెట్టునే లెక్కపెట్టాలె. లెక్క దొంగదైతే, మాఫ్ చేసిన సుంకమంత మాలిక్ కట్టాలె. కాయిదం మీద సంతకం గూడ మాలిక్‌దే ఉండాలె. పై కమిటీవాళ్లు నమ్ముతలేరు. కొమ్మలు పాతిన మనిషి మాట ఒక్కటన్న పట్టుకరా అంటున్నరు.”

“మంచిది. ఇంకోటి గూడ రాయుమను.”

“ఏంది?”

“లెక్కున్నదని మనిషిని ఆపద్దు. ఉత్తరం దాయద్దు.”

ఖాజా చెప్పాడు. ఇంజనీరు తల అడ్డంగా ఊపాడు. కోపంగా కాదు.

“అది వేరే దఫ్తర్ పనంట. భూమి ఖానూన్‌ల భూమే ఉండాలె. రెండు సంగతులు కలిపితే కాయిదం వాపస్ వస్తదంటున్నడు.”

“పదకొండు తలకాయలని రాసింది గా భూమి కాయిదంలనే గద సాబ్?”

ఖాజా ఈ మాట వెంటనే అనువదించలేదు. అనువదించాక ఇంజనీరు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. మళ్లీ పెట్టుకున్నాడు. రాయలేదు.

ఖాజా వాంగ్మూలం చదివి వినిపించాడు. కొమ్మలున్నాయి, వాగు ఉంది, పైపులున్నాయి. బాలవ్వ లేదు, హన్మంతు లేడు. రాజలింగం రెండోసారి చదివించుకున్నాడు. వేలికి సిరా రాయించుకుని ముద్ర వేశాడు.

“చల్లబడిందా కడుపు?” భీమరాజు ముఖం పాలిపోయింది. “లెక్క తప్పింది. కంపెనీ ఈ భూమి వొదిలేస్తుంది. పదకొండు వీసాలూ ఖలాస్. నాదీ కలిపితే పన్నెండు.”

వరస చెదిరిపోయింది. రాజేశ్వర్ రాజలింగం ఎదుటికి వచ్చి నిలబడ్డాడు.

“నీకు ఇంటికాడ ఎదురుచూసేటోళ్లు లేరు రాజలింగన్న. మాకున్నరు. ఒక్క మాట మమ్ముల అడిగినవా?”

రాజలింగం అడగలేదన్నది నిజం.

ఇంజనీరు హన్మంతును బండి ఎక్కమన్నాడు. లేబర్ ఆఫీసు దాకా తీసుకుపోతాడు. పాస్‌పోర్టు ఇప్పించే అధికారం తనకు లేదు. అడగగలడు, అంతే. హన్మంతు షెడ్డులోకి పరుగెత్తి చిన్న సంచితో వచ్చాడు. చెప్పులు వేసుకోలేదు.

“పోతున్న కాకా.”

“పో బిడ్డా. పాస్‌పోర్టు చేతిల పడేదాంక ఆ ఆఫీసు మెట్ల మీదికెల్లి లేవకు.”

హన్మంతు వెనక సీట్లో ముడుచుకుని కూర్చున్నాడు. ఇంజనీరు తలుపు తీసి, ఆగి, ఖాజాకు ఏదో చెప్పాడు. ఖాజా వెనక్కి వచ్చాడు.

“ఒకటో తారీకు అబుదాబిల కమిటీ ఉన్నది పెద్దాయనా. సాబ్ బండి పంపుతడు. నువ్వు రావాలె. చెట్ల సంగతి చెప్పినంక నీ భార్య సంగతి గూడ చెప్పాలె. ఇట్లనే, ఇదే తీరుగ. లెక్కలు వింటె వాళ్లకు నిద్రొస్తదట. ఇది వింటె లేస్తరట.”

“గది కాయిదంల రాస్తరా?”

“రాయరు. నోటితోటి చెప్పుడే. అది విని ఖానూన్‌కు ఒప్పుకుంటరు.”

రాజలింగం సిరా అంటిన వేలిని గోనెగుడ్డకు తుడుచుకున్నాడు.

“కొమ్మల ముచ్చట చెప్త. ఎన్నిసార్లు పిలిస్తె అన్నిసార్లు అచ్చి చెప్త. ఆ ఖానూన్ కావాలె. ముద్ర ఏసిన, మాట తప్ప. ఇంటిదాని ముచ్చట ఇయ్యాల ఒక్కసారి చెప్పిన. రాయలేదు. ఇగ ఎవలడిగినా చెప్ప.”

ఖాజా బండి దగ్గరకు పోయి అరబ్బీలో చెప్పడం మొదలుపెట్టాడు. మధ్యలో బాలవ్వ పేరు వినిపించింది.

“ఆ పేరు నువ్వు గూడ అనద్దు,” అన్నాడు రాజలింగం.